కొత్త సమర్పణపై సమీక్ష: తెలుగు ఊరిపేర్లను పోల్చే ప్యాకేజీ

దీపస్తంభం (సమీక్ష నిర్వాహకులు)

సభ్యులందరికీ నమస్కారం. తెలుగులో రాసిన ఊరిపేర్లను, పేటల పేర్లను పోల్చి, రెండు వేర్వేరు రాతలు ఒకే చోటును సూచిస్తున్నాయో లేదో చెప్పే పైథాన్ ప్రోగ్రామింగ్ భాషా ప్యాకేజీ (వాడుకకు సిద్ధంచేసిన కోడ్ కట్ట) ఒకటి మన ఉమ్మడి లైబ్రరీలో చేర్చడానికి వచ్చింది. సమర్పించినవారు లేతకెరటం గారు. విశాఖ నగరంలోని చిరునామాల జాబితాలను ఒక దారికి తెచ్చే పనిలో ఉండగా ఈ కోడ్ రాశారు. సమీక్ష ఈరోజు మొదలై పది రోజులు నడుస్తుంది.

రూపకల్పన సరైనదేనా, కోడ్ నమ్మదగినదేనా, డాక్యుమెంటేషన్ చదివి కొత్తవారు వాడుకోగలరా, అసలు ఇది మన లైబ్రరీకి అవసరమా అన్న ప్రశ్నలకు కారణాలతో సహా సమాధానాలు రాయండి. ప్యాకేజీని నిజంగా నడిపి చూశారా, చూస్తే ఎంత లోతుగా చూశారు, ఈ విషయంతో మీకు ఎంత పరిచయం ఉంది అన్నవి కూడా తప్పక చెప్పండి. 1998లో మొదలైన బూస్ట్ అనే సీ ప్లస్ ప్లస్ భాషా లైబ్రరీల సముదాయపు సమీక్షలో అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. అక్కడ ఇలా నలిగి నిలిచిన షేర్డ్ పాయింటర్ అనే లైబ్రరీ 2011 నాటి సీ ప్లస్ ప్లస్ ప్రమాణంలోకి, ఫైల్‌సిస్టమ్ 2017 నాటి ప్రమాణంలోకి చేరాయి. అక్కడిలాగే ఇక్కడా నిర్ణయం ఓట్ల లెక్కతో జరగదు. వచ్చిన వాదనల బలాన్ని చూసి నిర్వాహకుడిగా నేను రాతపూర్వకంగా చెబుతాను, దానికి బాధ్యత నాదే.

సంపెంగ

షరతులతో స్వీకరించాలన్నది నా అభిప్రాయం. ప్యాకేజీని పైథాన్ 3.12లోనూ, 3.13లోనూ ఇన్‌స్టాల్ చేసి, సొంతంగా తయారుచేసుకున్న పేర్ల జాబితాతో నడిపి చూశాను. తెలుగు పాఠ్యంతో పనిచేసే కోడ్ రాయడమే నా ఉద్యోగం. ఈ కోడ్ శుభ్రంగా, చదవడానికి వీలుగా ఉంది; ఏ ఫంక్షన్ ఏం చేస్తుందో పేరు చూస్తేనే తెలుస్తోంది. అయినా కొన్నింటిని సరిచేయకుండా లోపలికి తీసుకోకూడదు.

చిరునామా మొత్తం ఇస్తే అందులోంచి పేర్లను విడదీసే భాగం పాఠ్యంలో నమూనాలను వెతికే ప్రామాణిక ‘రీ’ మాడ్యూల్‌ను వాడుకుని, పదాలను ‘బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ’ గుర్తుతో పట్టుకుంటోంది. ఆ మాడ్యూల్ గుణింతపు గుర్తులను, పొల్లును, సున్నను పదంలో భాగాలుగా చూడదు. అందువల్ల ‘విశాఖపట్నం’ అన్న ఒక్క పేరు వ, శ, ఖపట, న అని నాలుగు ముక్కలైపోతోంది. ‘చిన’ అని రాసినా, ‘చేను’ అని రాసినా మిగిలేవి చ, న మాత్రమే. ఆ భాగానికి రాసిన టెస్టుల్లో ఇంగ్లీషు లిపిలోని చిరునామాలే ఉన్నాయి కనుక టెస్టులన్నీ నెగ్గాయి, లోపం లోపలే ఉండిపోయింది.

ఇక నార్మలైజేషన్ సంగతి, అంటే ఒకే అక్షరానికి ఉన్న వేర్వేరు కోడ్ రూపాలను ఒకటిగా చేయడం. ‘వైజాగ్’లోని ఐత్వాన్ని, ప్రతి లిపి గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో ఒకే కోడ్ పాయింట్‌గా (ఒకే సంఖ్యగా) రాయవచ్చు, లేదా ఎత్వాన్నీ దాని కిందికి వచ్చే గుర్తునూ విడివిడిగా రెండు కోడ్ పాయింట్లుగా రాయవచ్చు. మొదటి పద్ధతిలో ఆ పేరుకు 6 కోడ్ పాయింట్లు, రెండో పద్ధతిలో 7. తెరమీద రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి, యూనికోడ్ ప్రమాణం కూడా రెండింటినీ సమానమనే అంటుంది, కానీ ఈ ప్యాకేజీ వాటిని వేర్వేరు పేర్లుగా చూస్తోంది. పోల్చడానికి ముందే రెండు పేర్లనూ ఎన్‌ఎఫ్‌సీ అనే ప్రామాణిక రూపంలోకి తెచ్చుకుంటే ఇది తీరిపోతుంది. అందుకు కావలసిన ఫంక్షన్ పైథాన్‌లోనే ఉంది.

‘ఎన్‌ఏడీ కొత్తరోడ్’ విషయం ఇంతకంటే చిక్కైనది. అందులో ‘న్’ తర్వాత కొన్ని కీబోర్డులు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే, హల్లుకు ఒత్తు చేరకుండా ఆపే, కనిపించని గుర్తును పెడతాయి, కొన్ని పెట్టవు. దాని వెనక వచ్చేది హల్లు కాదు కనుక గుర్తు ఉన్నా లేకపోయినా కంటికి తేడా తెలియదు. పోలిక కోసం లోపల తయారుచేసుకునే రూపంలోంచి మాత్రమే ఆ గుర్తును తీసేయాలి, వాడుకరి రాసిన అసలు పేరును ముట్టుకోకూడదు. ‘బీచ్‌రోడ్’ లాంటి పేర్లలో దాన్ని తీసేస్తే చకారానికి రకారం ఒత్తుగా చేరి, చదివేవారికి పేరే మారిపోతుంది. ఈ గుర్తును తేలిగ్గా తీసుకోవద్దని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’లో ఈ గుర్తు చేరిన ఒక కూర్పు వచ్చిందంటే చాలు ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి, ఐఓఎస్ 11.2.6 వచ్చాకే అది సర్దుకుంది. తెలుగుతో పనిచేసే ఏ ప్యాకేజీ టెస్టుల్లోనైనా అలాంటి కూర్పులు ఉండి తీరాలి.

చివరగా, పేర్లను అక్షరాలుగా విడగొట్టే పనిని బయటి లైబ్రరీకి అప్పగించారు. అలా విడగొట్టే నియమం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1తో మారింది. అంతకుముందు ‘విశాఖపట్నం’ను వి, శా, ఖ, ప, ట్, నం అని 6గా లెక్కపెట్టేవారు, ఇప్పుడు ‘ట్నం’ మొత్తం ఒక్కటే కనుక 5. ఆ లైబ్రరీ పాత వెర్షన్ ఉన్న కంప్యూటర్‌లో ఒక జవాబు, కొత్తది ఉన్న చోట మరో జవాబు వచ్చే అవకాశం ఉంది. కనీస వెర్షన్ ఏదో ఖరారు చేసి, ఈ పేరుతోనే ఒక టెస్టు రాయాలి.

తాటిచెట్లపాలెం

నేను ప్రోగ్రాములు రాసేవాడిని కాను. చిరునామాలతో చాలాకాలం పనిచేసిన అనుభవం ఉంది, అందుకే మా అబ్బాయి సాయంతో దీన్ని నడిపించి చూశాను.

చినవాల్తేరు, పెదవాల్తేరు ఇస్తే ఒకే చోటు అంటోంది. చినగంట్యాడ, పెదగంట్యాడ కూడా ఒకటేనట. కొత్తగాజువాక, పాతగాజువాక విషయంలోనూ అదే జవాబు. మరోవైపు భీమిలి, భీమునిపట్నం వేర్వేరు ఊళ్లని చెబుతోంది. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన ఎవరిని అడిగినా ఈ జవాబులన్నీ తలకిందులని చెబుతారు. ఒక ఉత్తరం పొరపాటున పక్క పేటకు వెళితే ఒకరోజు ఆలస్యంతో పోతుంది. పింఛను జాబితాలో ఇద్దరు మనుషులను ఒకరిగా కలిపేస్తే ఒకరి డబ్బు ఆగిపోతుంది. కలపవలసినవాటిని కలపకపోవడం కంటే కలపకూడనివాటిని కలపడం పెద్ద తప్పు అని నా ఉద్దేశం. ఆ తేడా ఈ ప్యాకేజీకి తెలియాలి.

సంపెంగ

తాటిచెట్లపాలెం గారూ, మీరు చెప్పిన పేర్లను కూర్చుని లెక్కవేశాను. ఎన్ని అక్షరాలు మారిస్తే, చేరిస్తే, తీసేస్తే ఒక పేరు రెండోది అవుతుందో లెక్కించి, ఆ సంఖ్య 2 దాటకపోతే ఒకే చోటని ఈ ప్యాకేజీ తీర్మానిస్తుంది. ‘విశాఖపట్నం’ నుంచి ‘విశాఖపట్టణం’కు దూరం 2. చినవాల్తేరు నుంచి పెదవాల్తేరుకు కూడా సరిగ్గా 2. కొత్తగాజువాక, పాతగాజువాకల మధ్యా అంతే. మొదటి జంట ఒకే నగరం, మిగిలినవి వేర్వేరు పేటలు. అంటే హద్దును 2 దగ్గర పెట్టినా, 1 దగ్గర పెట్టినా ఈ జంటలను వేరుచేయడం అసాధ్యం. హద్దును సర్దితే పోయే లోపం అనుకుని నేను నా మొదటి సమీక్షలో దీని జోలికి పోలేదు. ఇప్పుడు ఇది రూపకల్పనలోనే మార్చవలసిన విషయమని స్పష్టమైంది.

నా సూచన ఇది. చిన, పెద, కొత్త, పాత లాంటి ముందుమాటలను పేరు నుంచి విడదీసి, అవి రెండువైపులా అక్షరాలా ఒకటైతేనే మిగిలిన భాగాన్ని దూరంతో పోల్చాలి. భీమిలి, భీమునిపట్నం లాంటి జంటలు ఏ లెక్కకూ అందవు కనుక వాటికి మారుపేర్ల పట్టిక విడిగా ఉండాలి.

యారాడకొండ

నేను కోడ్ జోలికి పెద్దగా వెళ్లలేదు. లైసెన్సులు, డేటా, విడుదల చేసిన ఫైళ్లు మాత్రమే చూశాను. డెబియన్ అనే లినక్స్ పంపిణీలో కొత్త ప్యాకేజీ ఏదైనా ముందు ‘న్యూ’ వరుసలో ఆగుతుంది, ఆర్కైవ్ బృందంలోని మనుషులు కాపీరైట్ వివరాలను ఫైలు ఫైలునా చూశాకే ముందుకు కదులుతుంది. మనది చిన్న లైబ్రరీ అయినా ఆ క్రమశిక్షణ మనకూ అవసరమే.

ఊరిపేర్ల జాబితాను, అందరూ కలిసి తయారుచేసే ప్రపంచ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తీసుకున్నట్టు కోడ్‌లోని ఒక వ్యాఖ్యలో ఉంది. ప్యాకేజీకి మాత్రం దాదాపు షరతులు లేని ఎంఐటీ లైసెన్సు పెట్టారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా 2012 నుంచి ఓడీబీఎల్ అనే డేటాబేసు లైసెన్సు కింద ఉంది. దాని ప్రకారం మూలం ఎవరిదో చెప్పాలి, దాని నుంచి తయారుచేసిన డేటాబేసును పంచితే అదే లైసెన్సు కింద పంచాలి. డేటాను కోడ్‌తో కలిపి ఎంఐటీ కింద ఇవ్వడం కుదరదు. కోడ్‌ను ఒక ప్యాకేజీగా, డేటాను తన లైసెన్సుతో, మూలం పేరుతో మరో ప్యాకేజీగా విడగొట్టాలి.

ఆ జాబితాలో జిల్లా పేరున్న నిలువు వరుస పాతది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయినప్పుడు అనకాపల్లి, పాడేరు ఉమ్మడి విశాఖ జిల్లా నుంచి వేరే జిల్లాల్లోకి వెళ్లాయి. ఇక్కడ అవి ఇంకా విశాఖపట్నం జిల్లాలోనే ఉన్నాయి. డేటా ఏ తేదీ నాటిదో రాసి ఉండాలి, పాత జిల్లాను చెరిపేయకుండా పక్కన ఉంచాలి, ఎందుకంటే పాత కాగితాల్లోని చిరునామాలు పాత జిల్లాతోనే ఉంటాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. విడుదల చేసిన ఆర్కైవ్‌ను (వాడుకరులు దించుకునే కట్టను) రిపాజిటరీతో (కోడ్ రాసి ఉంచే చోటుతో) పోల్చి చూస్తే, రిపాజిటరీలో లేని పైథాన్ డేటాను దాచిపెట్టే పికిల్ ఫైలు ఒకటి ఆర్కైవ్‌లో కనబడింది. పేర్ల జాబితాను త్వరగా లోడ్ చేయడానికి తయారుచేసినదే అయి ఉంటుంది, దురుద్దేశం ఉందని నేను అనడం లేదు. అయితే పికిల్ ఫైలును తెరవడమంటే అందులో ఏ కోడ్ ఉన్నా దాన్ని నడపడానికి తలుపు తీయడమే. నమ్మకం లేని పికిల్‌ను ఎప్పుడూ లోడ్ చేయవద్దని పైథాన్ డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది. డేటాను మామూలు పాఠ్యంగా ఉంచే జేసన్ ఫైలు వాడితే సరిపోతుంది.

లంగరు

నేను ఈ ప్యాకేజీకి అనుకూలం. సమీక్ష సాగుతున్న తీరు మీద మాత్రం అభ్యంతరం ఉంది.

పైథాన్ ప్యాకేజీల బహిరంగ భాండాగారం పైపీఐలో ఖాతా తెరిస్తే ఎవరి ప్యాకేజీ అయినా ముందస్తు సమీక్ష లేకుండానే ప్రపంచానికి అందుతుంది. పైథాన్ అంతగా వ్యాపించడానికి ఆ స్వేచ్ఛ కూడా ఒక కారణం. మన దగ్గర ఒక విద్యార్థి తొలి సమర్పణకు యూనికోడ్ నియమాలు, డేటాబేసు లైసెన్సులు, జిల్లాల పునర్విభజన అన్నీ ఒకేసారి మీదపడ్డాయి. ఇది చదివిన మరో విద్యార్థి తన కోడ్‌ను మనకు పంపడానికి వెనకాడతాడు. టెస్టులు, కోడ్ శైలి, లైసెన్సు ఫైలు ఉందా లేదా అన్నవి యంత్రంతో తనిఖీ చేయించి, నెగ్గినదాన్ని తీసుకుని, లోపాలను వాడుకరులు చెప్పినప్పుడు దిద్దుకోవడమే మేలని నా వాదన. ఎంతమంది చూసినా కొన్ని తప్పులు దాటిపోతూనే ఉంటాయి. ఇంటర్నెట్ సంభాషణలను గుప్తంగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని హార్ట్‌బ్లీడ్ లోపం 2012లో విడుదలలోకి వెళ్లి 2014 వరకు ఎవరికీ పట్టుబడలేదు. ఆ మార్పును కూడా ఒకరు సమీక్షించే ఒప్పుకున్నారు.

యారాడకొండ

లంగరు గారూ, హార్ట్‌బ్లీడ్ ఉదాహరణ నిజమే, కానీ దాని నుంచి నేను నేర్చుకునేది వేరు. అంత ముఖ్యమైన కోడ్‌ను చూడటానికి అప్పట్లో ఉన్నవారు చాలా కొద్దిమంది. సమీక్షించేవారు తక్కువైతే వారిని పెంచుకోవాలి.

2024 మార్చిలో, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యూటిల్స్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడిన తీరును గుర్తుచేస్తాను. దాన్ని నడిపించే మెట్టు రిపాజిటరీలోని కోడ్‌లో లేదు, విడుదల చేసిన ఆర్కైవ్‌లోని బిల్డ్ స్క్రిప్టులో ఉంది. యంత్రాల తనిఖీలన్నీ దాటిపోయింది. దూరంలోని కంప్యూటర్‌లోకి ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు సుమారు అర సెకను అదనంగా పడుతోందని గమనించి, ఎందుకని తవ్విన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు వల్ల లోకానికి తెలిసింది. నేను ఆర్కైవ్‌ను రిపాజిటరీతో పోల్చి చూడటం ఆ సంఘటన తర్వాత అలవాటు చేసుకున్న పనే.

సంపెంగ

లంగరు గారి ఆందోళనలో ఒక సగాన్ని నేను పూర్తిగా అంగీకరిస్తాను. యంత్రం చేయగల పనిని యంత్రానికే వదలాలి. ఎన్‌ఎఫ్‌సీ లోపం, ‘రీ’ మాడ్యూల్ లోపం రెండూ మన దగ్గర ఒక ఉమ్మడి తెలుగు టెస్టుల కట్ట ఉంటే మనిషి చూడకముందే దొరికేవి. ఆ కట్టను నేను తయారుచేస్తాను.

మిగతా సగంతో నాకు పొత్తు కుదరదు. చినవాల్తేరు, పెదవాల్తేరు వేరని ఏ యంత్రానికీ తెలియదు. కోడ్ రాసేవారికి, టెస్టులు రాసేవారికి స్ఫురించకపోతే అది టెస్టుల్లోకి రాదు. ఈ చర్చలో అన్నిటికంటే లోతైన లోపాన్ని పట్టుకున్నది ప్రోగ్రాములు రాయని సభ్యుడు. ఈ నగరంలో బతికినవారికి తెలిసిన సంగతి కోడ్‌లోకి చేరడానికి మనకున్న దారి ఈ సమీక్ష ఒక్కటే, అందుకే దీన్ని తగ్గించాలన్న మాట వస్తే నాకు బాధ కలుగుతుంది. లోపాలను తర్వాత వాడుకరులు చెబుతారులే అనుకుంటే, పింఛను ఆగిపోయిన మనిషికి తన పేరును కలిపేసింది ఏ ప్యాకేజీయో తెలిసే అవకాశమే లేదు, ఇక చెప్పేదెవరు?

లంగరు

సంపెంగ గారి చివరి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మనుషుల సమీక్ష ఉండాలన్నదాన్ని ఒప్పుకుంటున్నాను. అయితే ఒక కోరిక. ప్రతి సమీక్షకుడూ తన అంశాల్లో ఏవి సరిచేస్తేనే ప్యాకేజీ లోపలికి వస్తుందో, ఏవి తర్వాత చేసినా పరవాలేదో విడదీసి రాయాలి. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో శాస్త్ర పరిశోధన ప్యాకేజీల కోసం ఆర్‌ఓపెన్‌సై సంస్థ 2015 నుంచి నడుపుతున్న సమీక్షను చూడండి. ఒక ఎడిటర్, సాధారణంగా ఇద్దరు సమీక్షకులు ఉంటారు, సంభాషణ అంతా బహిరంగంగానే జరుగుతుంది, రచయితను ఒప్పుకోలు వరకు చెయ్యి పట్టుకుని నడిపిస్తారు. అక్కడ విద్యార్థి కూడా బెదిరిపోడు.

గోస్తనీ

వాడుకరిగా రెండు మాటలు. డాక్యుమెంటేషన్ మొత్తం ఇంగ్లీషులో ఉంది. వార్డు స్థాయిలో జాబితాలు దిద్దేవారికి తెలుగులో ఒక పేజీ అయినా కావాలి, ఉదాహరణలు మన పేర్లతోనే ఉండాలి.

రెండోది, వాల్తేరు సంగతి. పాత రైల్వే కాగితంలో వాల్తేరు అని ఉంటే అది నేటి విశాఖపట్నం స్టేషన్. చిరునామాలో వాల్తేరు అప్‌ల్యాండ్స్ అని ఉంటే అది నగరంలోని ఒక ప్రాంతం. మారుపేర్ల పట్టికలో ‘వాల్తేరు అంటే విశాఖపట్నం’ అని ఒక్క వరుస రాసేస్తే మళ్లీ తప్పే జరుగుతుంది. ఒకటే, వేరే అన్న రెండు జవాబులతో పాటు ‘చెప్పలేం, మనిషి చూడాలి’ అన్న మూడో జవాబు కూడా ఉండాలని కోరుతున్నాను.

లేతకెరటం

అందరికీ కృతజ్ఞతలు. నేను బెదిరిపోలేదని లంగరు గారికి ముందుగా మనవి. కోడ్‌ను ఇంత శ్రద్ధగా చదివేవారు దొరకడం నాకు ఇదే మొదలు. పికిల్ ఫైలు లోడింగ్ వేగం కోసమే పెట్టాను, తీసేసి జేసన్ వాడతాను. డేటాను విడిగా పెట్టడం సులువే. ముందుమాటలను విడదీయడానికి మాత్రం సాయం కావాలి, ఎందుకంటే ‘చిన’తో మొదలైన ప్రతి పేరులోనూ అది ముందుమాటే అని చెప్పలేం కదా.

తాటిచెట్లపాలెం

దానికి నేనున్నాను. చిన, పెద జంటలుగా ఉన్న పేటల జాబితాను గాజువాక నుంచి భీమిలి వరకు నాకు తెలిసినంత మేర రాసి పంపుతాను. జంట ఉన్నచోటే విడదీయండి, లేనిచోట పేరును పేరుగానే ఉంచండి.

దీపస్తంభం (సమీక్ష నిర్వాహకులు)

సమీక్ష గడువు ముగిసింది. నా నిర్ణయం: షరతులతో స్వీకరిస్తున్నాను. ప్యాకేజీ అవసరాన్ని ఎవరూ ప్రశ్నించలేదు, కోడ్ శుభ్రంగా ఉందని సంపెంగ గారు మెచ్చుకున్నారు, కానీ పోల్చే పద్ధతి ఇప్పుడున్న రూపంలో వేర్వేరు పేటలను కలిపేస్తోంది కనుక యథాతథంగా తీసుకోలేం.

లోపలికి రావడానికి ముందు తప్పక జరగవలసినవి ఇవి. పికిల్ ఫైలు పోవాలి, ఆర్కైవ్‌కూ రిపాజిటరీకీ తేడా ఉండకూడదు. డేటా తన లైసెన్సుతో, తేదీతో విడి ప్యాకేజీ కావాలి. పేర్లను విడదీసే భాగం, నార్మలైజేషన్, కనిపించని గుర్తు, అక్షర విభజన వెర్షన్ సరికావాలి, ఒక్కొక్కదానికి తెలుగు పేర్లతో టెస్టు ఉండాలి. ముందుమాటలు, మారుపేర్లు, మూడో జవాబు రూపకల్పనలోకి రావాలి. తెలుగు డాక్యుమెంటేషన్, పాత జిల్లాల నిలువు వరుస తర్వాతి విడుదలలో వచ్చినా చాలు. లేతకెరటం గారు చదువు ముగించి వేరే ఊరికి వెళ్లినా ప్యాకేజీ నిలబడాలి కనుక రెండో నిర్వహణదారు ఒకరు కావాలి; సంపెంగ గారు ఒప్పుకున్నారు. తప్పనిసరి అంశాలను, మిగతావాటిని విడదీసి రాయాలన్న లంగరు గారి సూచన ఇకమీదట అన్ని సమీక్షలకూ వర్తిస్తుంది.

లేతకెరటం

సంతోషం. పని మొదలుపెట్టాను. ఒక సందేహం: ‘చెప్పలేం’ అన్న జవాబుకు ఫంక్షన్ నుంచి ‘నన్’ (విలువ ఏదీ లేదనే సంకేతం) తిరిగి ఇస్తే సరిపోతుందా?

సంపెంగ

వద్దు. ‘ఇఫ్’ అనే షరతులో పెట్టినప్పుడు పైథాన్ ‘నన్’ను కూడా అసత్యంగానే చూస్తుంది కనుక, ‘చెప్పలేం’ కాస్తా ‘వేరే’ అయిపోతుంది. మూడు విలువలతో ఒక ఎనమ్ (పేర్లున్న విలువల చిన్న జాబితా) తయారుచేయండి. అయితే ఎనమ్ సభ్యులన్నీ మామూలుగా సత్యంగానే లెక్కకు వస్తాయి, అప్పుడు ‘వేరే’ కూడా ‘ఒకటే’ అయిపోయే ప్రమాదం ఉంది. అందుకని జవాబును నేరుగా ఇఫ్‌లో పెడితే ఎర్రర్ వచ్చేలా రాసి, మూడింటిలో ఏదో పేరుపెట్టి పోల్చితేనే ముందుకు సాగేలా చేయండి. ఆ మార్పు పంపగానే నేను చూస్తాను.